ఈ వారం ఏ నవల చదువుతున్నారు?

పుస్తకాల అరుగు

 పచ్చడిలోకి వేపపువ్వు దొరికినవారికి శుభాకాంక్షలు. దొరక్క, కాకరకాయ ముక్కతో సరిపెట్టుకున్నవారికి మరీ మరీ శుభాకాంక్షలు!

ఏటేటా ఈ పేజీలో ఒక పుస్తకం గురించో, ఒక రచయిత గురించో నాలుగు మాటలు చెప్పుకోవడం మనకు అలవాటు. ఈసారి ఒక ప్రశ్న గురించి చెప్పుకుందాం. ఆ ప్రశ్న పైన శీర్షికలోనే ఉంది.

ఇది నేను కనిపెట్టిన ప్రశ్న కాదు. ఆదివారం తెలుగు తరగతి అయ్యాక పిల్లలు ఆటకి పోతే, పెద్దవాళ్ళం హాల్లో కుర్చీలు దగ్గరకు లాక్కుని కూర్చుంటాం. మొదట్లో ఆ గంటసేపూ ఏం మాట్లాడుకునేవాళ్ళం? ఎవరికి షుగరు ఎంతుంది, ఎవరి అబ్బాయికి సింగపూరులో ఉద్యోగం వచ్చింది, మార్కెట్టులో రొయ్యలు ఎంత పలుకుతున్నాయి... ఇవే. ఒకనాడు మా గుంపులో ఎనభై దాటిన పెద్దమ్మ విసిగిపోయి, "ఇవన్నీ పోయిన వారం చెప్పుకున్నవే గదమ్మా! ఈ వారం ఎవరేం చదువుతున్నారో చెప్పండి" అంది. అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చదవడమా? చదివి ఎన్నాళ్ళయింది?

పై ఆదివారానికి ఇద్దరు పుస్తకాలు పట్టుకొచ్చారు. ఆ పై వారానికి నలుగురు. ఇప్పుడు ఎనిమిది ఇళ్ళ వాళ్ళం ఉన్నాం. నవల పూర్తయ్యాక చెప్పడం కాదు, చదువుతుండగా చెప్పడం మా పద్ధతి. ఈ వారం ఎక్కడిదాకా వచ్చాం, అక్కడ ఏం జరుగుతోంది, ఎవరిమీద కోపం వచ్చింది, ఏ పేజీ దగ్గర నిద్రపోయాం... అన్నీ చెప్పుకోవచ్చు. నిద్రపోయినా తప్పులేదు!

ఇదేదో కొత్త వింత అనుకోకండి. మన తోటల్లో పెరిగినవారికి ఇది చాలా పాత సంగతి.

మా నైన పేరాక్‌లో బగాన్ డాతోక్ వైపు ఒక కొబ్బరి తోటలో తెలుగు బడి పంతులు. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళే ఆ తోట నిండా. 1923 నాటి కార్మిక చట్టం ప్రకారం బడి ఈడు పిల్లలు పదిమంది ఉన్న తోటలో బడి పెట్టాలి. అలా వచ్చిన బడులే అవి. ఆకు కప్పు, ఒక గది, ఒక పంతులు. పిల్లలు పొద్దుటిపూట చదువుకునేవాళ్ళు. పెద్దవాళ్ళు మాత్రం రాత్రిపూట వచ్చేవాళ్ళు, వినడానికి.

1960ల నడుమ మాట. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వస్తోంది. పత్రిక ఓడమీద రావాలి. మద్రాసులో జనం మరిచిపోయిన సంచిక మాకు కొత్తది. అది వచ్చిన రాత్రి నైన బడి అరుగుమీద పెట్రోమాక్స్ దీపం పెట్టుకుని పైకి చదివేవాడు. పగలంతా కొబ్బరికాయలు ఒలిచిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. మగవాళ్ళు మాకేం పట్టనట్టు కాస్త ఎడంగా చుట్టలు కాల్చుకుంటూ నిలబడేవాళ్ళు. మేం పిల్లలం మధ్యలో. జయంతి ఆఫీసుకు వెళ్ళి ఉద్యోగం చేస్తోందంటే మా లైను ఇళ్ళ ఆడవాళ్ళకి ఏమిటో గొప్పగా ఉండేది. వాళ్ళూ పొద్దున్నే లేచి పనికి పోయేవాళ్ళే. అయినా కుర్చీలో కూర్చుని చేసే పని ఆడపిల్లకి వస్తుందని వాళ్ళు వినడం అదే మొదటిసారి.

ఒక నెల సంచిక రాలేదు. పోస్టులో పోయింది. దాని తరువాతి సంచిక మాత్రం వచ్చింది. నైన ఏం చేస్తాడు? "ఈ నడుమ భాగం ఏమయ్యుంటుందో మీరే చెప్పండి" అన్నాడు. ఇక చూడండి, వారం రోజులు తోటంతా అదే గొడవ. జయంతి ఉద్యోగం మానేసి ఉంటుందని ఒకరు, రాజశేఖరం మాట జారి ఉంటాడని ఒకరు. మా పక్కింటి అప్ప అయితే పనిలో పడి కంగాణీతో కూడా వాదించింది. చివరికి అందరూ కలిసి ఒక కథ ఒప్పుకున్నారు. నైన దాన్ని కాగితంమీద రాసి, ఆ నెల సంచిక ఉండవలసిన చోట కుట్టాడు.

ఆ పోయిన భాగం నేను 1981లో చదివాను. ఆ ఏడు రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు మన కౌలాలంపూర్‌లోనే జరిగాయి గదా! ఆంధ్రదేశం నుంచి వచ్చిన ఒకావిడ దగ్గర 'సెక్రటరీ' పుస్తకం దొరికింది. అప్పటికి నా ఒళ్ళో మా అమ్మాయి నెలల బిడ్డ. ఇంటికి వచ్చి నైనకి ఆ భాగం చదివి వినిపించాను. ఆయన అంతా విని, "బాగానే ఉందిగానీ, మనదే బాగుంది" అన్నాడు.

సరే, ఇప్పటి సంగతికి వద్దాం. ఈ నెలలో మా అరుగుమీద ఏయే నవలలు నడుస్తున్నాయో చెబుతాను.

మొదటి ప్రశ్న వేసిన పెద్దమ్మ భూతద్దం పెట్టుకుని 'సెక్రటరీ' చదువుతోంది. ఎన్నోసారో ఆవిడకే లెక్క లేదు. "తెలిసిన కథే గదా పెద్దమ్మా" అంటే, "తెలిసిన చుట్టాల ఇంటికి మళ్ళీ వెళ్ళమా?" అంటుంది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా వచ్చింది గదా, అది చూస్తే సరిపోదా అన్నాడు ఒక అబ్బాయి. దానికి పెద్దమ్మ జవాబు: "సినిమాలో వాణిశ్రీ జయంతి. పుస్తకంలో నేనే జయంతిని." ఆ మాటకి మేమెవ్వరం బదులు చెప్పలేకపోయాం. సులోచనారాణి గారు 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూశారన్న వార్త వచ్చినప్పుడు ఈవిడ ఆ పూట భోజనం చేయలేదు.

రెండవది 'మట్టిమనిషి', వాసిరెడ్డి సీతాదేవి గారిది. చదువుతున్నది తోటలో కెరాణీగా చేసి రిటైరైన మా బాబాయి. సాంబయ్య అనే రైతు రెక్కలు ముక్కలు చేసుకుని ఎకరానికి ఎకరం కలుపుతాడు. కొడుకు వెంకటపతి, కోడలు వరూధిని పట్నం మోజులో పడి ఆ భూమిని పోగొడతారు. బాబాయికి వరూధినిమీద ఎంత కోపమంటే, ఆదివారం నాడు ఆ పేరు ఎత్తితే కాఫీ కూడా పక్కన పెట్టేస్తాడు. "ఆ పిల్లని ఒక్కదాన్నే అంటారేం, కొడుక్కి బుద్ధి లేదా?" అని మా ఆడవాళ్ళం. ఈ తగువు మూడు వారాలుగా తెగలేదు.

ఈ తగువులోకి మూడవ నవల వచ్చి చేరింది. బడిలో మలాయి భాష చెప్పే మన అమ్మాయి ఒకతె షహ్నోన్ అహ్మద్ రాసిన 'రంజావ్ సెపాంజాంగ్ జాలన్' తెచ్చింది. దారి పొడవునా ముళ్ళు అని దాని అర్థం. 1966లో వచ్చిన మలాయి నవల. కెడా రాష్ట్రంలో ఒక పల్లె. లహూమా అనే వరి రైతు, భార్య జెహా, ఏడుగురు ఆడపిల్లలు. లహూమా కాలిలో నిబుంగ్ చెట్టు ముల్లు దిగుతుంది. ఆ ముల్లే అతన్ని తీసుకుపోతుంది. అటుపైన పొలంమీద పీతలు పడతాయి, పిట్టలు పడతాయి, వరద వస్తుంది. ఒంటరిదైన జెహాకి మతి చలిస్తుంది.

ఆ అమ్మాయి కథ చెబుతుంటే బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "మా సాంబయ్యకి శత్రువు ఇంట్లోనే ఉంది. ఈ లహూమాకి శత్రువని చూపించడానికి మనిషే లేడు. ఎవరిమీద కోపపడాలి?" అదీ అసలు ప్రశ్న! మట్టిని నమ్ముకున్నవాడి కథ గుంటూరు వైపైనా ఒకటే, కెడాలోనైనా ఒకటే. కానీ సీతాదేవి గారి సాంబయ్య ముసలితనంలో మనవణ్ణి దగ్గర పెట్టుకుని మళ్ళీ మట్టినే నమ్ముకుంటాడు. జెహాకి ఆ ఆసరా కూడా లేదు. ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉండి, పక్కింటి మలాయి రైతు కథ నేను చదవలేదని ఆరోజు సిగ్గుపడ్డాను. వరి పండించేవాడి బాధ మనకంటే ఎవరికి బాగా తెలుసు? ఇంగ్లీషులోనూ అది 1972లోనే వచ్చింది. మలాయి కష్టమనుకునేవారు అందులో చదవవచ్చు.

నాలుగవది కె. ఎస్. మణియం గారి 'ది రిటర్న్'. కెడాలోని బెడోంగ్‌లో 1942లో పుట్టి, 2020లో పోయిన రచయిత. నవల వచ్చింది 1981లో, మన మహాసభలు జరిగిన ఏడే. రవి అనే కుర్రవాడు ఇంగ్లీషు బడికి వెళ్ళి చదువుకుంటాడు. తండ్రి చాకలి పని చేస్తాడు. నాయనమ్మ పెరియాతాయి ఇండియా నుంచి వచ్చి, తనదంటూ ఒక ఇల్లు, కాస్త నేల ఉండాలని తపించి పోతుంది. దీన్ని చదువుతున్న లాయరమ్మాయి ఒక సంగతి చెప్పింది. ఆ పుస్తకంలో తండ్రిని 'నైన' అంటారట! పుస్తకమంతా ఇంగ్లీషు, మధ్యలో మన ఇంటి పిలుపు. "ఆ మాట చూడగానే పుస్తకం మూసేసి మా నాన్నకి ఫోన్ చేశానప్పా" అంది. రవి ఎంత చదువుకుంటే అంత ఇంటికి దూరమవుతాడు. ఆ అమ్మాయి ఇంకా సగంలోనే ఉంది. చివర ఏమవుతుందో తెలిసినవాళ్ళు దయచేసి ఆవిడతో చెప్పకండి.

ఐదవది నాది. నేను 'వేయి పడగలు' చదువుతున్నాను. నవ్వకండి. విశ్వనాథ సత్యనారాయణ గారు ఆ వెయ్యి పేజీల పుస్తకాన్ని ఇరవైతొమ్మిది రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించారంటారు. నేను ఇరవైతొమ్మిది ఏళ్ళుగా చదువుతున్నాను! ప్రతిసారీ రెండువందల పేజీ దగ్గర ఏదో ఒక శుభకార్యం వచ్చి ఆగిపోతుంది. పి. వి. నరసింహారావు గారు అంత పుస్తకాన్నీ 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారని గుర్తుచేసుకుని మళ్ళీ మొదలుపెడతాను. ఈ ఉగాదికి నేను రెండువందల నలభయ్యవ పేజీలో ఉన్నానని సభాముఖంగా మనవి చేసుకుంటున్నాను.

ఇక ఆరవ మనిషి సంగతి. యూనివర్సిటీలో ఇంజనీరింగు చదివే అబ్బాయి. డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' విన్నానని చెప్పాడు. చదవలేదు, ఫోనులో విన్నాడు. ఒక్క రాత్రి, అడవి, పందుల్ని కాసే ఒక ముసలివాడు, తప్పిపోయిన ఒక పంది. అంతే కథ. నూరు పేజీల చిన్న పుస్తకం. రాసినాయన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేశారు. ఆ అబ్బాయి ముసలివాడు చీకట్లో నడవడం చెబుతుంటే మాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అంతా అయ్యాక తలదించుకుని, "నాకు తెలుగు చదవడం రాదు ఆంటీ. వినడం చదవడం కిందికి వస్తుందా?" అని అడిగాడు.

హాల్లో రెండు పార్టీలు అయిపోయాయి. రాదని కొందరు, వస్తుందని కొందరు. నేను వస్తుందన్నాను. మా తోటలో పెట్రోమాక్స్ కింద కూర్చున్నవాళ్ళలో సగానికి పైగా అక్షరం రానివాళ్ళే. వాళ్ళకి 'సెక్రటరీ' తెలియదని ఎవరనగలరు? పోయిన భాగాన్ని కూడా అల్లినవాళ్ళు వాళ్ళు.

కానీ ఇంటికి వెళ్ళాక నా జవాబు నాకే సగమనిపించింది. వాళ్ళు విన్నారంటే, చదివి వినిపించడానికి ఒక పంతులు ఉన్నాడు గనుక. ఫోనులో ఎవరో చదివి పెట్టిన పుస్తకాలే ఉంటాయి. ఎవరూ చదివి పెట్టని వందల నవలల మాటేమిటి? వాటి తలుపు తియ్యాలంటే అక్షరమే తాళంచెవి. మలయాలో తోటల తెలుగు బడులు పోయి చాలాకాలమైంది. ఆ ఆదివారం తరగతి తప్ప మన పిల్లలకి ఆ తాళంచెవి ఇచ్చేవాళ్ళు ఇంట్లో మనమే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళుగా ఈ పేజీలో పుస్తకాలు చదవండి, పిల్లలచేత చదివించండి అని రాస్తున్నాను గదా! మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. మహాసభలకి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకుపోయిన పిల్లకి రాదు. పంతులుగారి మనవరాలికి రాదు. మాట్లాడుతుంది, చక్కగా మాట్లాడుతుంది. నేనే నేర్పలేదు. మలాయి, ఇంగ్లీషు ఉన్నాయి, లెక్కలు, సైన్సు ఉన్నాయి, పరీక్షలో లేని భాషకి పిల్లని ఎందుకు కష్టపెట్టాలి, సెలవుల్లో నేర్పుదాంలే అనుకున్నాను. సెలవులు వచ్చాయి, పోయాయి. పిల్ల పెద్దదై జొహోర్ బారులో కాపురం పెట్టింది.

మా అమ్మ పోయాక నైన పెట్టె నా ఇంటికి వచ్చింది. సీరియళ్ళు కోసి కుట్టిన పుస్తకాలు, కొన్ని చందమామలు, ఇంకా ఏవేవో నవలలు. మన దేశంలో తేమ సంగతి మీకు తెలియనిది కాదు. కాగితం పసుపు రంగై, అంచులు విరిగిపోతున్నాయి. పోయిన సంవత్సరం మా అమ్మాయి వచ్చినప్పుడు ఆ పెట్టె చూసి, "అమ్మా, నీ తరువాత దీన్ని నేనేం చెయ్యాలి?" అని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది. అట్టమీద పేరేమిటో కూడా తనకు తెలియదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మర్నాడు నేనేమీ ఉపదేశం చెయ్యలేదు. ఆ కుట్టిన 'సెక్రటరీ' తీసి, పోయిన సంచిక కథ చెప్పాను. నైన చేతిరాత చూపించాను. "తాతయ్య ఇందులో ఏం రాశాడు?" అంది. చదివి వినిపించాను. అప్పటినుంచి రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోనులో పదిహేను నిమిషాలు చదువుతున్నాను. తను బట్టలు మడతపెట్టుకుంటూ వింటుంది. మూడు నెలల్లో 'సెక్రటరీ' అయింది, ఇప్పుడు కొడవటిగంటి కుటుంబరావు గారి 'చదువు' నడుస్తోంది. సుందరం అనే కుర్రవాడు చదువుకుని పెద్దవాడయ్యే కథ. మా ఇద్దరికీ తగిన పుస్తకమే పడింది!

పోయిన నెలలో నాకు కంటికి శుక్లం తీశారు. రెండు వారాలు చదవకూడదన్నారు. సరే, ఆపేద్దామంటే మా అమ్మాయి, "సుందరం ఏమయ్యాడో తెలియకుండా రెండు వారాలా?" అని గోల పెట్టింది. తరువాత ఏమనుకుందో, నా దగ్గరనుంచి పెద్దబాలశిక్ష తెప్పించుకుంది. నలభై దాటిన పిల్ల, అ ఆలు దిద్దుతోంది. పోయిన శనివారం 'చదువు'లో నాలుగు వాక్యాలు తనే ఫోనులో చదివింది. ఆ నాలుగు వాక్యాలకి నలభై నిమిషాలు పట్టింది. ఒత్తుల దగ్గర ఆగిపోతుంది, 'ఖ'ని 'ఘ' అంటుంది. నేను ఒక్కచోట కూడా అందించలేదు. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ నలభై నిమిషాల్లో తెలిసింది.

ఈ పేజీ చదివే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒక్కటే. 'నవల పూర్తి చెయ్యి' అని పిల్లల్ని తరమకండి. 'ఈ వారం ఎక్కడిదాకా వచ్చావు?' అని అడగండి. మొదటిది పరీక్షలా ఉంటుంది. రెండోది చుట్టరికంలా ఉంటుంది. మాలతీ చందూర్ గారు స్వాతిలో 'పాత కెరటాలు' శీర్షిక కింద ఎన్నో ఇంగ్లీషు నవలల్ని మన ఇళ్ళకి తెచ్చి పరిచయం చేశారు. ఆవిడ పాఠం చెప్పలేదు, పక్కింటావిడలా కథ చెప్పారు. అందుకే జనం చదివారు. నెలకొక నవల ఇస్తూ 1978లో మొదలైన చతుర 2021లో ఆగిపోయింది. పత్రికలు చెయ్యగల పని తగ్గేకొద్దీ ఆ పని మనుషులే చెయ్యాలి.

మా అరుగుకి మూడే నియమాలు. ఒకటి, ఏ భాష నవలైనా సరే, చెప్పడం మాత్రం తెలుగులో. రెండు, ముగింపు చెప్పకూడదు. మూడు, 'ఈ వారం ఏమీ చదవలేదు' అన్నా కుర్చీ ఉంటుంది, కాఫీ ఉంటుంది. కొత్తగా చదవడం నేర్చుకుంటున్నవారు 'సెక్రటరీ'తో మొదలుపెట్టండి, మాటలు తేలిక. తక్కువ పేజీలు కావాలంటే 'అతడు అడవిని జయించాడు'. ఓపిక ఉన్నవారికి 'మాలపల్లి' ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైలులో రాసిన నవల, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా. 'వేయి పడగలు' మాత్రం ప్రస్తుతం దొరకదు, నా దగ్గర ఉంది. ఎప్పుడు తిరిగి ఇస్తానో చెప్పలేను.

నైన పెట్టెలోని పుస్తకాల్లో విరిగిపోనివన్నీ హాల్లో ఇనుప బీరువాలో పెట్టాను. ఇంటికొకటి తీసుకువెళ్ళండి. కుట్టిన 'సెక్రటరీ' ఒక్కటి మాత్రం అందులో లేదు. అది జొహోర్ బారుకు వెళ్ళింది. అట్టమీద పేరు చదవగలిగితే చాలు, తనదే అని చెప్పాను. చదివింది.

మరి మీరు? ఈ వారం ఏ నవల చదువుతున్నారు?